పలెర్మో చాక్లెట్ అరంచీనా

అన్నాన్ని నారింజకాయంత ఉండగా చుట్టి, లోపల కూరో జున్నో పెట్టి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయించే సిసిలీ వంటకం అరంచీనా. ఇటలీకి చెందిన ఈ ద్వీపంలో తూర్పున ఉన్న కతానియా వాళ్లు దాన్ని అరంచీనో అంటారు. రెండు పేర్లూ ఒప్పేనని ఇటాలియన్ భాషకు పెద్దదిక్కయిన అకాదెమియా దెల్లా క్రుస్కా 2016లో తేల్చి చెప్పినా, రెండు ఊళ్ల వాళ్లూ పట్టు విడవలేదు. రాజధాని పలెర్మోలో దీనికి తీపి రకం కూడా ఉంది. లోపల చాక్లెట్ ఉంటుంది, పైన పంచదార అద్దుతారు. మాంసం కూర పెట్టిందే అసలు అరంచీనా అని, తీపిది మిఠాయి కొట్ల వాళ్లు ఈమధ్య పుట్టించిన వింత అని చాలామంది అనుకుంటారు. పాత రాతలు చూస్తే ఆ వరస తలకిందులవుతుంది.

అరబ్బులు 827లో సిసిలీలో దిగి, 831లో పలెర్మోను పట్టుకున్నారు. వరి, చెరకు, నారింజ, నిమ్మ ఆ ద్వీపంలో వేళ్లూనుకున్నది వాళ్ల ఏలుబడిలోనే. అందుకే అరంచీనాను కూడా అరబ్బుల ఖాతాలో వేయడం పరిపాటి. వేటకు వెళ్లేటప్పుడు మోసుకుపోవడానికి వీలుగా చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కాలంలో అన్నపు ఉండకు రొట్టె పొడి అద్ది వేయించడం మొదలైందని మరో కథ ఉంది. వినడానికి బాగుంటుంది కానీ దానికి ఆధారం లేదు. 18వ శతాబ్ది చివర వెలువడిన సిసిలియన్ నిఘంటువులో ‘అరంచీను’ ఒక రంగు పేరు మాత్రమే. వంటకంగా అది 1857లో జుసెప్పే బియుందీ నిఘంటువులో కనిపిస్తుంది. నారింజ ఆకారంలో బియ్యంతో చేసే తీపి వంటకం అని ఆయన అర్థం రాశాడు. అందులో మాంసం ఊసు లేదు, టమాటా ఊసు అసలే లేదు. 1868 నాటి ఆంతొనీనో త్రాయినా నిఘంటువుకు వచ్చేసరికి అది కారపు వేపుడు ఉండలైన క్రోకెట్ల వరసలో చేరింది. 1894లో ఫెదెరీకో దె రొబెర్తో తన నవల ‘ఇ విచెరే’లో కతానియా బెనెడిక్టైన్ సన్యాసుల భోజనాల జోరును వెక్కిరిస్తూ, వాళ్ల వంటశాలలో పుచ్చకాయలంతేసి అరంచీనాలు చేయించాడు. అంటే రాతల సాక్ష్యం మేరకు తీపిదే ముందు, కారపుది తర్వాత. ఈ వంటకం వయసు వెయ్యేళ్లని చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, 19వ శతాబ్దంలో పుట్టిందనే వాదానికే బలం ఎక్కువ.

తీపి పాతదే అయినా చాక్లెట్ అంత పాతది కాదు. సిసిలీకి చాక్లెట్ స్పెయిన్ పాలనలో వచ్చింది. చాలాకాలం అది కలవారు వేడిగా తాగే పానీయంగానే ఉంది. ద్వీపం దక్షిణాన మోదికాలో మాత్రం కోకో ముద్దను ఎక్కువ వేడి తగలనివ్వకుండా పంచదారతో కలిపి, పలుకులు పంటికి తగిలేలా బిళ్లలు చేసే పద్ధతి నిలిచిపోయింది. 2018లో దానికి ఐరోపా సంఘం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఇప్పుడు పలెర్మో అరంచీనాలో ఎక్కువగా పెట్టేది అది కాదు, ఉత్తరాన తూరిన్ నగరంలో పుట్టిన జాందూయా. నెపోలియన్ కాలంలో ఓడరేవుల దిగ్బంధంతో కోకో కరువైనప్పుడు అక్కడి మిఠాయి వాళ్లు అందులో హేజల్‌నట్ పొడి కలపడం మొదలుపెట్టారని చెబుతారు.

ఈ తీపి ఉండకు రోజంటూ ఒకటుంది, డిసెంబరు 13. ఆ రోజు సాంతా లూచియా పండుగ. సిసిలీలోని సిరకూజాలో 304లో ప్రాణాలర్పించిన ఈమెను కంటిచూపు కాపాడే క్రైస్తవ పునీతగా కొలుస్తారు. 1646లో ద్వీపమంతా కరువుతో అల్లాడుతుండగా, ఆమెను మొక్కుకున్న జనానికి గోధుమలతో నిండిన ఓడ రేవులో కనిపించిందట. పిండి విసిరేదాకా ఆగలేక గింజల్నే ఉడకబెట్టుకు తిన్నారట. ఈ మహిమ మాదంటే మాదని పలెర్మో, సిరకూజా రెండూ చెప్పుకుంటాయి. ఓడ మాట ఎలా ఉన్నా కరువు మాత్రం నిజం. మరుసటి ఏడాదే రొట్టె కోసం పలెర్మో జనం తిరగబడ్డారు. ఆ గోధుమ ఓడ జ్ఞాపకంగా పండుగనాడు పలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టరు. ఉడికించిన గోధుమల్లో రికోత్తా జున్ను, చాక్లెట్ ముక్కలు కలిపిన కుచ్చీయా తింటారు, ఆ పైన అరంచీనాలు. గోధుమపిండి తినకూడదన్న నియమం కోసం బియ్యానికి మారి, ఆ బియ్యపు ఉండకే రొట్టె పొడి పట్టించడం ఏమిటని పలెర్మోలో ఎవరినీ అడగకూడదు.

తయారీలో ఓపిక కావలసింది అన్నం దగ్గరే. పొట్టి గింజ, జిగురున్న బియ్యాన్ని కొంచెం పంచదార, దాల్చినచెక్క, నిమ్మతొక్క వేసిన పాలలో ఉడికిస్తారు. గంజి వార్చరు, పాలన్నీ బియ్యమే పీల్చుకోవాలి. దాన్ని వెడల్పాటి పళ్లెంలోనో పాలరాయి బల్ల మీదో పరిచి పూర్తిగా ఆరనిస్తారు. చల్లారినకొద్దీ గంజి బిగుసుకుని అన్నం అంటుకుంటుంది, వేడి మీద చుట్టిన ఉండ మూకుడులో విచ్చిపోతుంది. తడి చేసుకున్న అరచేతిలో అన్నాన్ని దొప్పలా వత్తి, గట్టిపడేదాకా చల్లబరిచిన చాక్లెట్ ముద్దను నడుమ పెట్టి మూసేస్తారు. మన పూర్ణం బూరెలో పప్పు ముద్దను తోపులో ముంచితే సరిపోతుంది, ఇక్కడ గోడంతా అన్నంతోనే కట్టాలి. చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నూనె వేడి 180 డిగ్రీల దాకా ఉంటుంది. గోడలో వెంట్రుకంత పగులున్నా చాక్లెట్ నూనెలోకి కారి మాడుతుంది, ఆ వాయి మొత్తం చేదెక్కుతుంది. అందుకే ఉండను నీళ్లలో కలిపిన పల్చటి మైదాలో ముంచి, సన్నటి రొట్టె పొడిలో గట్టిగా దొర్లిస్తారు. అన్నం ముందే ఉడికింది కాబట్టి నూనెలో పని పైపొర ఎర్రబడటం, లోపలిది కరగడం వరకే. తీసిన వెంటనే, ఇంకా నూనె చెమ్మ ఉండగానే, పంచదారలో దొర్లించాలి. చల్లారాక అది అంటదు.

కొట్లో ఆ పంచదార గుర్తుగా కూడా పనికొస్తుంది. పలెర్మోలో మాంసం కూరది గుండ్రంగా, వెన్న, జున్ను, హ్యామ్ పెట్టింది కోలగా చేయడం ఆనవాయితీ. చాక్లెట్‌దీ గుండ్రమే కాబట్టి పంచదార లేకపోతే మాంసందేదో తీపిదేదో కొరికితే గానీ తెలియదు. ఇప్పుడు పిస్తా క్రీము, రికోత్తా పెట్టిన తీపి రకాలు కూడా దొరుకుతున్నాయి. కారపువి ఏడాది పొడుగునా ప్రతి వీధి కొట్లోనూ ఉంటాయి. తీపివి మాత్రం చాలాచోట్ల డిసెంబరు 13 చుట్టుపక్కలే వేయిస్తారు.