తెనిగింపు, శేషపూరణ: వరంగల్ నవలలో రెండు ప్రేరణ మార్గాలు

ఉపోద్ఘాతం

తెలుగు కావ్యచరిత్ర ఆరంభంలోనే రెండు పెద్ద పనులు కనిపిస్తాయి. పదకొండో శతాబ్దంలో నన్నయ వ్యాసభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. అరణ్యపర్వం మధ్యలో ఆయన ఆగిపోయిన చోటి నుంచి పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన అందుకుని ఆ పర్వశేషాన్ని పూర్తిచేశాడు. నన్నయ చేసింది తెనిగింపు. పరభాషలో ఉన్న మహాగ్రంథాన్ని ఉన్నదున్నట్టు దించకుండా, మన నేలకు తగినట్టు మలచుకోవడం అది. ఎర్రన చేసింది శేషపూరణ. ముందువాడు వదిలివెళ్లిన బరువును తన భుజానికి ఎత్తుకోవడం అది.

ఆధునిక నవలలో ప్రేరణ గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శ ఎక్కువగా పోలికల పట్టిక దగ్గరే ఆగిపోతోంది. ఈ పాత్ర ఆ పాత్రలా ఉంది, ఈ శిల్పం అక్కడిది అని చెప్పి తృప్తిపడుతోంది. మన కవులు చూపిన ఈ రెండు మార్గాలను కొలతగా తీసుకుంటే ప్రేరణ స్వభావం మరింత స్పష్టంగా తెలుస్తుందని నా ప్రతిపాదన. దీన్ని పరీక్షించడానికి ఉమ్మడి వరంగల్ జిల్లా ఇద్దరు నవలాకారులను ఇచ్చింది. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ ప్రేరణతో ‘అంపశయ్య’ రాసిన నవీన్ ఒకరు. వట్టికోట ఆళ్వారుస్వామి నవలల వెంట నడిచి ‘చిల్లర దేవుళ్లు’ రాసిన దాశరథి రంగాచార్య మరొకరు.

డబ్లిన్ నుంచి ఉస్మానియాకు

‘యులిసిస్’ 1922 ఫిబ్రవరి 2న పారిస్‌లో వెలువడింది. హోమర్ ‘ఒడిస్సీ’ నాయకుడు యుద్ధం ముగిశాక ఇల్లు చేరడానికి పదేళ్లు సముద్రాల మీద తిరుగుతాడు. జాయిస్ ఆ తిరుగుడంతటినీ 1904 జూన్ 16 అనే ఒక్క రోజులోకి, డబ్లిన్ అనే ఒక్క ఊరిలోకి కుదించాడు. పత్రికలకు ప్రకటనలు సేకరించే లియొపోల్డ్ బ్లూమ్ అనే మామూలు మనిషిని ఆ పురాణ వీరుడి స్థానంలో నిలిపాడు. మనసులోని ఆలోచనలు తెగని ధారగా సాగుతాయని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే చెప్పాడు. ఆ ధారను నవలగా మలచినవారిలో జాయిస్ అగ్రగణ్యుడు. తెలుగు విమర్శ దానికి ‘చైతన్య స్రవంతి’ అని పేరు పెట్టుకుంది.

స్వాతంత్ర్యానికి అటూ ఇటూగా గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ తెలుగు నవలను మనిషి లోపలికి తిప్పాయి. ఆ దారిలో చివరంటా నడిచినవారు నవీన్. ఆయన అసలు పేరు దొంగరి మల్లయ్య. 1941లో వావిలాలలో పుట్టి, ఉస్మానియాలో చదివి, అర్థశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేశారు. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒకే రోజు, పదహారు గంటల కథ. ఆ నవల పేరే తర్వాత రచయిత ఇంటిపేరైంది.

నవీన్ జాయిస్ దగ్గర తీసుకున్నవి ముఖ్యంగా రెండు: ఒక్క రోజు అనే చట్రం, మనసు వెంట నడిచే కథనం. ఆయన వదిలేసినవాటికి నా దృష్టిలో ఇంకా ఎక్కువ విలువ ఉంది. ‘యులిసిస్’లో కథ స్టీఫెన్, బ్లూమ్, మోలీ అనే ముగ్గురి మనసుల మధ్య తిరుగుతుంది, అధ్యాయానికో శైలి మారుతుంది. ‘అంపశయ్య’లో ఉన్నది ఒక్క రవి మనసే. పల్లె నుంచి యూనివర్సిటీ హాస్టలుకు చేరిన పేద కుర్రవాడికి ఆ రోజు ఊరంతా తిరిగొచ్చే విహారం కాదు. చేతిలో లేని డబ్బు, అణచుకున్న కోరిక, చదువు భయం, నలుగురిలో చిన్నబోతానేమోనన్న బెరుకు గంట గంటకూ వచ్చి గుచ్చుకుంటాయి. అలాంటివాడి కథకు ఒకే మనసు చాలు. అందులోంచి బయటపడే దారి లేకపోవడమే అక్కడి వస్తువు.

ఇక పేరు. జాయిస్ తన నవలకు గ్రీకు వీరుడి పేరు పెట్టాడు. నవీన్ ఆ పద్ధతిని గ్రహించి, పేరును మాత్రం భారతం నుంచి తెచ్చుకున్నారు. ఈ ఎంపికలోనే తెనిగింపు సంపూర్ణమైందని నేను భావిస్తున్నాను. అంపశయ్య మీద పడుకున్న భీష్ముడిని గుచ్చిన బాణాలు పరాయివాళ్లవి కావు, తాను పెంచిన మనవళ్లవి. రవిని బాధించేవీ అయినవాళ్ల నుంచి, తన లోపలి నుంచి వచ్చినవే. అయితే భీష్ముడికి ఇచ్ఛామరణం వరంగా ఉంది, ఉత్తరాయణం కోసం నిబ్బరంగా ఎదురుచూడగలడు. రవికి ఆ వరం లేదు. ఇంకా లోతైన తేడా ఒకటుంది. శయ్య మీది భీష్ముడు మాట్లాడుతూనే ఉంటాడు. వినడానికి ధర్మరాజు ఉన్నాడు కాబట్టి ఆ మాటలు శాంతి, అనుశాసనిక పర్వాలయ్యాయి. రవి కూడా లోపల ఆగకుండా మాట్లాడతాడు కానీ వినేవాడు లేడు. శ్రోత లేని భీష్ముడి సంభాషణే ‘అంపశయ్య’ చైతన్య స్రవంతి. ఈ అర్థం జాయిస్ పుస్తకంలో లేదు, ఉండే వీలూ లేదు. అది ఈ నేల ఇచ్చిన అర్థం.

ఆళ్వారుస్వామి నుంచి రంగాచార్యకు

రెండో ప్రేరణ ఏ దేశం నుంచీ రాలేదు, పక్క జిల్లా నుంచే వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టారు. వంటవాడిగా, హోటల్ సర్వరుగా, ప్రూఫ్‌రీడరుగా బతుకు వెళ్లదీస్తూ స్వయంకృషితో చదువుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. ప్రజా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. 1955లో వచ్చిన ఆయన ‘ప్రజల మనిషి’ని తెలంగాణ తొలి రాజకీయ నవలగా విమర్శకులు గుర్తించారు. దిమ్మెగూడెం అనే ఊళ్లో దొర రామభూపాలరావు పెత్తనాన్ని, దానికి ఎదురు నిలిచిన కంఠీరవాన్ని ఆ నవల చూపింది. వెట్టి, మతమార్పిడి, గ్రంథాలయం, ఆంధ్ర మహాసభ అన్నీ అందులో ఒక ఊరి అనుభవంగా ఒదిగాయి.

తెలంగాణ ప్రజాజీవితాన్ని దశలవారీగా నవలల్లోకి తేవాలన్నది ఆళ్వారుస్వామి సంకల్పం. 1961 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశారు. రెండో నవల ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలి, 1965లో వెలుగు చూసింది.

ఆ శేషాన్ని ఎత్తుకున్నవారు చినగూడూరులో 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య. ఆ ఊరు అప్పట్లో వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఈ బంధం పుస్తకాల ద్వారా మాత్రమే ఏర్పడింది కాదు. ఆయన అన్న, కవి దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలులో ఆళ్వారుస్వామితో కలిసి ఉన్నారు. తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. రంగాచార్య కూడా నిజాం వ్యతిరేక పోరాటంలో ఉన్నవారే. కనుక ఆళ్వారుస్వామి వదిలిన పనిని ఆయన ఇంటి బాధ్యతగానే తీసుకున్నారనాలి. ‘చిల్లర దేవుళ్లు’లో పోరాటానికి ముందునాటి పల్లెను, ‘మోదుగుపూలు’లో పోరాట కాలాన్ని, ‘జనపదం’లో ఆ తర్వాతి బతుకును చిత్రించారు.

ఎర్రన అరణ్యపర్వశేషాన్ని నన్నయ శైలిలో మొదలుపెట్టి తిక్కన శైలి వైపు నడిపించాడంటారు. ముందువాడి గౌరవం దక్కాలి, పూరించినవాడి గొంతూ వినపడాలి. రంగాచార్య ఈ పరీక్షలో నెగ్గారు. ‘ప్రజల మనిషి’ ఉద్యమం మొలకెత్తిన ఊరిని చూపితే, ‘చిల్లర దేవుళ్లు’ ఇంకా వెనక్కి వెళ్లి, ఆ ఉద్యమం ఎందుకు తప్పనిసరైందో చూపింది. ఇందుకు ఆయన విజయవాడ వైపు నుంచి వచ్చిన సంగీతకారుడు సారంగపాణిని ఎంచుకున్నారు. ఊరివాళ్లకు అలవాటైపోయిన దొర గడి, వెట్టి, ఆ గడిలో దాసిగా ఉండే ఆడబాప బతుకు బయటి కంటికి దారుణంగా కనపడతాయి. పాత్రల నోట తెలంగాణ పలుకుబడినే ఉంచడం ఆయన చేసిన మరో పెద్ద మేలు. దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి భాష అచ్చులోకి రాకుండా అతని చరిత్ర పూర్తయిందనలేం.

దారులు కలిసిన చోటు

ఈ రెండు మార్గాలు ఎప్పటికీ విడివిడిగా ఉండిపోలేదు. ‘అంపశయ్య’ రాసిన నవీనే తర్వాత ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ అనే నవలాత్రయంలో 1944 నుంచి సుమారు అయిదు దశాబ్దాల తెలంగాణ జీవితాన్ని రాశారు. ‘కాలరేఖలు’కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పదహారు గంటల నవలతో మొదలైన రచయిత యాభై ఏళ్ల చరిత్రకు చేరుకున్నారు. జాయిస్ చేయి పట్టుకుని బయలుదేరినవారు ఆళ్వారుస్వామి వేసిన బాటకు వచ్చారని దీన్ని నేను అర్థం చేసుకుంటున్నాను. దశలవారీగా తెలంగాణను నవలల్లోకి తేవాలన్న ఆ పాత సంకల్పం ఈ నవలాత్రయంలో మళ్లీ కనిపిస్తుంది. తెనిగించినవాడే శేషం పూరించడం ఈ నేల నవలకు దక్కిన భాగ్యం.

ముగింపు

ఈ పరిశీలనలో తేలినవి మూడు. పరభాషా ప్రేరణను కొలవాలంటే రచయిత ఏం తీసుకున్నాడన్నదానితో పాటు ఏం వదిలాడు, ఆ ఖాళీని దేనితో నింపాడు అని అడగాలి. స్వభాషా ప్రేరణను కొలవాలంటే మిగిలిపోయిన పని ఏమిటి, దాన్ని ఎంత ముందుకు నడిపాడు అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ ‘అంపశయ్య’, ‘చిల్లర దేవుళ్లు’ నిలబడి జవాబు చెప్పగలవు. అందుకే అవి అనుకరణలు కావు, స్వతంత్ర రచనలు.

‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్లు’, ‘అంపశయ్య’, ‘కాలరేఖలు’ నాలుగింటినీ ఈ వరుసలో ఒకేచోట పాఠ్యంగా పెట్టి చదివించాలని తెలంగాణ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు నా విజ్ఞప్తి. విడివిడిగా చదివితే నాలుగు మంచి నవలలు. కలిపి చదివితే ఒక ప్రాంతం తన గొంతు తానే సంపాదించుకున్న చరిత్ర.