ఎప్‌వర్త్ వంటిల్లు, సవన్నా వంటిల్లు, మా నాయినమ్మ కందిలి (మన చదువుల చరిత్ర – 14)

ఈ వారం రాత్రి బడుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను.

మొన్న ఆదివారం మా చిన్నాయిన బిడ్డ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, ఈసారి పిల్లల్ని బడికి పంపద్దు అనుకుంటున్న. ఇంట్లనే చెప్పుకుంట" అంది. ముగ్గురు పిల్లలు. పెద్దోడు నాలుగో తరగతికి పోవాలి, నడిపి పిల్లకు ఆరేళ్లు, చిన్నోడికి నాలుగు. వాళ్ల చర్చిలో రెండు కుటుంబాలు ఇప్పటికే అట్ల చేస్తున్నాయట. పొద్దున ప్రార్థన, 9 నుంచి 12 దాకా పాఠాలు, మళ్లీ 2 నుంచి 5 దాకా. "ఇది జాన్ వెస్లీ వాళ్లమ్మ పెట్టిన పద్ధతట అన్నా" అని టైంటేబుల్ కూడా వాట్సాప్‌లో పంపింది.

కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటికొచ్చింది. పెద్దోడి డబ్బాలో కూర చూసి పక్కన కూర్చున్న పిల్లాడు లేచి వేరే బెంచీకి పోయాడు. టీచరమ్మ ఆ పిల్లాడిని ఏమీ అనలేదు. మనోడికి మాత్రం "రేపటి నుంచి ఇట్లాంటివి తేవద్దు" అని చెప్పింది. అప్పటి నుంచి వాడు డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తున్నాడు.

"వద్దు చెల్లె, బడి మాన్పించకు" అనే మాట నోటి దాకా వచ్చింది. బాబాసాహెబ్ గోనెపట్టా మీద కూర్చొని చదివాడు, మనం బడి వదిలేస్తే ఎట్లా అని ఉపన్యాసమివ్వడం నాకు అలవాటే. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడిని రోజూ మధ్యాహ్నం ఆకలితో కూర్చోమని చెప్పే హక్కు నాకెక్కడిది? రెండు రోజులు టైం అడిగి, ఆ వెస్లీ తల్లి కథ మొదటి నుంచీ మళ్లీ చదివాను. మెతుకుసీమ వాణ్ణి కాబట్టి ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా తాతలకు బాప్తిస్మమిచ్చింది వెస్లియన్ మిషన్ వాళ్లే.

ఆమె పేరు సుజానా. 1669లో లండన్‌లో పుట్టింది. తండ్రి పెద్ద బోధకుడు, ఇంటి నిండా పుస్తకాలు, ఇరవై అయిదు మంది సంతానంలో ఈమె ఆఖరిది. శామ్యూల్ వెస్లీ అనే పాదిరిని పెళ్లాడింది. లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే పల్లెటూరి చర్చి ఆయనది. పందొమ్మిది మందిని కన్నదని లెక్క. బతికింది పది మంది. మొగుడికి పద్యాలు రాయడం వచ్చు, అప్పులు తీర్చడం రాదు. 1705లో అప్పుల కింద ఆయన్ని లింకన్ కోట జైల్లో పెట్టారు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు కాలిపోయింది. మేడమీద చిక్కుకున్న అయిదేళ్ల జాన్‌ను కిటికీలోంచి ఆఖరి నిమిషంలో దించారు. ఇట్లాంటి సంసారంలోనే ఆమె బడి నడిపింది.

ఆ బడి సంగతులన్నీ 1732లో కొడుకు జాన్ అడిగితే రాసిన ఉత్తరంలో ఉన్నాయి. ఆమె చనిపోయిన 1742 నాటి తన డైరీలో ఆయన దాన్ని కలిపి, తర్వాత ప్రచురించాడు. పిల్లల్ని ఇంట్లో చదివించే క్రైస్తవ తల్లులు ఇవాళ్టికీ అమెరికాలో ఆదర్శంగా చెప్పుకునేది దీన్నే. మా చెల్లెకు వచ్చిన టైంటేబుల్‌కు మూలం కూడా అదే.

అయిదేళ్లు నిండేదాకా అక్షరం చెప్పకూడదని ఆమె నియమం. నిండగానే ఒక రోజు కేటాయిస్తుంది. ముందు రోజే ఇల్లు సర్ది, అందరికీ పనులు అప్పజెప్పి, 9 నుంచి 12, 2 నుంచి 5 మధ్య ఆ గదిలోకి ఎవరూ రాకూడదని కట్టడి చేస్తుంది. ఆ ఒక్క రోజులో పిల్లకు అక్షరాలన్నీ రావాలి. వచ్చేవట కూడా. మాలీ, నాన్సీ అనే ఇద్దరికి మాత్రం రోజున్నర పట్టింది. ఆ పాపానికి ఆ ఇద్దరినీ మొద్దులనుకున్నానని తల్లే ఒప్పుకుంటుంది. మర్నాటి నుంచి బాలశిక్షలాంటిదేమీ లేదు, నేరుగా ఆదికాండం మొదటి అధ్యాయమే. ఒక్కో మాటా గుణించుకుంటూ, ఆగకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ఇల్లు కాలిపోయాక పిల్లలు కొన్నాళ్లు వేరే వేరే ఇళ్లలో ఉండి, పాత అలవాట్లు మరిచి వచ్చారు. అప్పుడు ఇంకొకటి కలిపింది. సాయంత్రం అయిదింటికి అందరికంటే పెద్దది అందరికంటే చిన్నవాణ్ణి, రెండోది ఆ పైవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కీర్తనలు, కొత్త నిబంధన అధ్యాయం చదివి వినిపించాలి. పది మందికి ఒక్క తల్లి చాలదు. అందుకే పిల్లలే పిల్లలకు పంతుళ్లయ్యారు.

ఇప్పుడు ఆ ఉత్తరంలో నాకు నచ్చనిది. పిల్ల మొండితనం ముందుగా విరగ్గొట్టాలని ఆమె నమ్మకం. ఏడాది నిండేసరికి బెత్తానికి భయపడాలి, ఏడ్చినా చప్పుడు కాకుండా ఏడవాలి. చదువు వేళలో గట్టిగా మాట్లాడకూడదు, అడగకుండా వాకిట్లోకి పరిగెత్తడం మహా నేరం. ఒప్పుకున్న తప్పుకు దెబ్బలుండవు, ఒక తప్పుకు రెండుసార్లు కొట్టరు అనే నియమాలూ ఉన్నాయి, కాదనను. కానీ మన వాడల్లో పిల్లలకు గొంతు తగ్గించడం ఇంట్లో ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. ఆ పని ఊరు ఎప్పుడో చేసింది. మా చెల్లె ఇంట్లో బడి పెట్టినా పెట్టకపోయినా, ఆ బెత్తం మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు.

అదే ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ ఇంట్లో పనివాళ్లున్నారు. పిల్లలకు ఏదైనా కావాలంటే పనిమనిషిని "దయచేసి ఇవ్వండి" అన్నట్టు అడగాలి. ఆ మాట అనకపోతే, ఊరుకున్నందుకు పనిమనిషికి చీవాట్లు. 1700ల నాటి సంగతి ఇది. మా నాయిన జీతమున్న ఇంట్లో ఆరేళ్ల దొరబిడ్డ యాభై ఏళ్ల మనిషిని "ఒరేయ్" అని పిలిచేవాడు. ఆ పిల్లాడు పెద్ద బడిలోనే చదువుకున్నాడు.

పనివాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి అసలు లెక్క కూడా చూడాలి. రాత్రి ఏడింటికి పిల్లల్ని కడిగి పడుకోబెట్టడానికి మనిషి ఉంది. 9 నుంచి 12, 2 నుంచి 5, మొత్తం ఆరు గంటలు ఏ పనీ చేయకుండా కూర్చొని చెప్పగల చదువుకున్న తల్లి ఉంది. ఆమె స్వయంగా రాసింది, జీవితంలో మంచి వయసు ఇరవై ఏళ్లు దీనికే పోయిందని. సరిగ్గా ఆ ఆరు గంటలూ మన తల్లులు నాట్లలో, కలుపులో ఉన్నారు. తమకే అక్షరం దక్కని ఆ తల్లులు పిల్లలకు ఎక్కడి నుంచి తెచ్చి చెప్తారు? ఇంటి బడి అనే మాట వినగానే మనకు బడి తప్పించుకోవడంలా అనిపించడానికి కారణం ఇదే. మనకు ఇంట్లో అది లేదు కాబట్టే బయటి బడి కోసం కొట్లాడాం.

సుజానా పెట్టిన నియమాల్లో గోడ మీద రాసుకోవాల్సింది ఒకటుంది. బాగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు కుట్టుపని నేర్పకూడదు. ఆడవాళ్లలో చక్కగా చదివేవాళ్లు అంత తక్కువగా ఉండడానికి ముందే చేతికి సూది ఇవ్వడమే కారణమని ఆమె తేల్చింది. సూది స్థానంలో చీపురు, పత్తి చేను, తమ్ముణ్ణి ఎత్తుకోవడం పెట్టి చూడండి.

అయినా ఆ ఇంటి ఆడపిల్లలకు ఏమైంది? కొడుకులు ముగ్గురూ వెస్ట్‌మినిస్టర్, చార్టర్‌హౌస్ లాంటి పెద్ద బడులకు, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు పోయారు. హెట్టీ ఎనిమిదేళ్లకే గ్రీకు కొత్త నిబంధన చదివేదని చెప్తారు. మంచి కవయిత్రి. 1725లో ఒక మనిషిని నమ్మి ఇల్లు విడిచి వెళ్లి, మోసపోయి తిరిగొచ్చింది. తండ్రి ఆమెను తన చదువుకూ మనసుకూ పొంతన లేని ఒక సీసపు పనివాడికి కట్టబెట్టాడు, జన్మలో క్షమించలేదు. పుట్టిన బిడ్డలు బతకలేదు. ఇంట్లో ఎంత చదువు చెప్పినా గేటు దగ్గర తండ్రి అధికారం కాపలా ఉంటే ఆడపిల్ల ఎక్కడిదాకా పోతుంది? ఎమిలియా మాత్రం బయటికి పోయి ఆడపిల్లలకు చదువు చెప్పి తన తిండి తను సంపాదించుకుంది.

ఇక్కడి నుంచి కథ మన వైపు తిరుగుతుంది. 1711-12 చలికాలం. మొగుడు సభల కోసం లండన్‌లో ఉన్నాడు. ఎమిలియా తండ్రి గదిలో ఒక పుస్తకం చూసి తల్లికి చదివి వినిపించింది. అది తమిళనాడులోని తరంగంబాడి గురించి. 1706లో అక్కడికి వచ్చిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే డేనిష్ మిషనరీల కథ. తమిళం నేర్చుకుని బడులు పెట్టినవాళ్లు. వాళ్ల దగ్గర మొదట బాప్తిస్మం పొందినవాళ్లలో డేన్‌ల ఇళ్లలోని బానిసలున్నారు. తర్వాత ఆ గుడిలోనే శూద్ర క్రైస్తవులు ఒక పక్క, పరయ క్రైస్తవులు ఒక పక్క కూర్చున్నారు. ఆ సంగతి ఎప్‌వర్త్‌కు తెలిసి ఉండదు, మనం మర్చిపోకూడదు. పుస్తకం విన్న సుజానాకు రోజుల తరబడి మనసు నిలవలేదు. వాళ్లు అంత దూరం పోయి చేస్తుంటే నేను కనీసం నా ఇంట్లో ఇంకాస్త చేయలేనా అనుకుంది. పిల్లలకు తలా ఒక సాయంత్రం పంచింది. సోమవారం మాలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాన్, శుక్రవారం పాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలియా, సూకీ. ఆ ఒక్క పూట ఆ బిడ్డతోనే మాట్లాడుతుంది. మొద్దులనుకున్న ఆ ఇద్దరికీ ఒక్కో రోజు దక్కింది. ఏళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ పంతులైన జాన్ తన గురువారం పూట మళ్లీ కావాలని తల్లికి ఉత్తరం రాశాడు.

అదే చలికాలం ఆదివారం సాయంత్రాలు పిల్లలకు, పనివాళ్లకు ఆమె ప్రసంగాలు చదివి వినిపించేది. పనివాళ్ల తల్లిదండ్రులు వచ్చారు, వాళ్లను చూసి పక్కవాళ్లు వచ్చారు, చివరకు రెండు వందల మంది దాటారు. చోటు లేక కొందరు తిరిగి పోయారు. చర్చిలో మగ పాదిరి ప్రసంగానికి అంత జనం లేరు. ఆయన లండన్‌కు ఫిర్యాదు రాశాడు. ఆడది సభ పెట్టడమేమిటని మొగుడు అభ్యంతరం చెప్పాడు. ఆపాలనుకుంటే "నా కోరిక" అని రాయొద్దు, ఖచ్చితమైన ఆజ్ఞ పంపు, రేపు దేవుడి ముందు ఆ బాధ్యత నీదవుతుంది అని ఆమె జవాబిచ్చింది. తన పిల్లల కోసం మొదలైంది ఊరిదైపోయింది.

ఆమె కొడుకు జాన్ 1736లో అమెరికాలో జార్జియాకు పోయి, సవన్నా పట్నంలో రెండేళ్లు కూడా నిలవలేక తిరిగొచ్చాడు. ఆయన వచ్చేసిన కొద్దికాలానికే, 1740లో, పక్కనున్న సౌత్ కరొలినా బానిసలకు రాయడం నేర్పితే జరిమానా అని చట్టం చేసింది. జార్జియాలో కూడా నల్లవాళ్లకు చదువు చెప్పడం 1829 చట్టంతో నేరమైంది. అదే సవన్నాలో 1850లలో, తర్వాత సూసీ కింగ్‌గా పేరొందిన బానిస పిల్ల ఉండేది. ఆమె పుట్టింది 1848లో, సావిత్రీబాయి పూణేలో బడి మొదలుపెట్టిన ఏడాది. అమ్మమ్మ ఆమెను, తమ్ముణ్ణి వుడ్‌హౌస్ అనే ఒక స్వేచ్ఛ పొందిన నల్లజాతి వితంతువు ఇంటికి పంపేది. పొద్దున 9 గంటలకు పుస్తకాలు కాగితంలో చుట్టుకుని పోవాలి, పోలీసులకు, తెల్లవాళ్లకు కనబడకుండా. ఒక్కొక్కరుగా గేటు దాటి పెరట్లోంచి వంటింట్లోకి. అదే బడి. పాతిక ముప్ఫై మంది పిల్లలు. పంతులమ్మ, ఆమె కూతురు. ఇరుగు పొరుగు ఏదో పని నేర్చుకుంటున్నారనుకునేవాళ్లు. విడిచిపెట్టేటప్పుడూ ఒక్కొక్కరే. యుద్ధం వచ్చి 1862లో విముక్తి దొరికినప్పుడు సూసీకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అప్పుడే సెయింట్ సైమన్స్ దీవిలో విముక్తులైన పిల్లలకు, రాత్రిళ్లు పెద్దవాళ్లకు బడి చెప్పింది. 1902లో తన కథ తనే పుస్తకంగా అచ్చేసింది.

జాన్ పేరు మీద నడిచిన మిషన్ నిజాం రాజ్యానికి 1880 ప్రాంతంలో వచ్చింది. కరువులో కూలికి అన్నం పెట్టి కట్టించారని మా పెద్దలు చెప్పే మెదక్ గుడి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. గుడి గురించి చాలామంది రాశారు. నాకు గుర్తున్నది మా నాయినమ్మ కందిలి.

ఆమెకు ఒక్క అక్షరం రాదు. రోజంతా కూలి. రాత్రి తిన్నాక మమ్మల్ని అయిదుగురిని కందిలి చుట్టూ కూర్చోబెట్టి బైబిల్ ఇచ్చేది. మా అక్క చిన్నోడి వేలు పట్టుకుని మాటల మీద నడిపించేది, మిగతావాళ్లం తలా ఒక వచనం. ఉపదేశి చదవగా చదవగా విని ఆమెకు ఆ పుస్తకం సగం నోటికొచ్చు. మేం ఒక మాట మింగితే "గది గాదు బిడ్డా, మల్ల సదువు" అనేది. అక్షరం రాని మనిషి తప్పు ఎట్లా పడుతుందో మాకు అర్థమయ్యేది కాదు. పక్కింటి పిల్లలు కూడా వచ్చేవాళ్లు. వాళ్లు క్రైస్తవులు కారు. కిరసనాయిలు మాత్రం మాదే. పొద్దున లేవగానే అందర్నీ సర్కారు బడికి తోలేది.

ఇవన్నీ మొన్న రాత్రి చెల్లెకు ఫోన్‌లో చెప్పాను. విద్యా హక్కు చట్టం గురించి, ఓపెన్ స్కూల్ పరీక్షల గురించి కూడా చెప్పాను. బడికి పోయి హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం, నేనూ వస్తానన్నాను. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టి, "గురువారం ఎవరికన్నా?" అని అడిగింది. జాన్‌కు అన్నాను. "నడిపిదానికి ఇస్త. దాని మాట ఎవలింటలేరు ఇంట్ల" అంది. కాసేపాగి, "ముగ్గురికి మూడు రోజులు. తతిమ్మ నాలుగు రోజులు మా గల్లీ పిల్లల్ని పిలువాల్నా?" అంది.

బడులు జూన్ 12న తెరుస్తారు. ఫిర్యాదు కాగితం రాసి పంపాను, సంతకం పెట్టింది. ఫీజు ఇంకా కట్టలేదు.