సర్కారు కాగితాల్లో లేనివారి చరిత్ర: కొత్తరెడ్డిపాలెం యూదు సంఘం

గ్రామ చరిత్ర రాయడానికి ప్రభుత్వ దస్తావేజులే మొదటి ఆధారమని మీరు చదివే ఉంటారు. ఆ దస్తావేజులు ఒక సమాజం గురించి ఏమీ చెప్పకపోతే ఏం చేయాలి? ఇందుకు మన రాష్ట్రంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక యూదు ప్రార్థనామందిరం వెలిసింది. దీన్ని సినగాగ్ అంటారు. తెలుగు బైబిలు చదివినవారికి ‘సమాజమందిరం’ అన్న మాట పరిచయమే. దీన్ని కట్టుకున్నవారు తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకొంటారు. మాదిగ సామాజిక వర్గానికి చెందిన ఈ కుటుంబాలు అంతకుముందు క్రైస్తవులుగా ఉండేవి. ఇశ్రాయేలీయుల తప్పిపోయిన గోత్రాల్లో తమదీ ఒకటని 1980ల చివర బహిరంగంగా ప్రకటించుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై పరిశోధన చేసి 2013లో గ్రంథం వెలువరించారు.

ఈ సంఘం మాట రాగానే, గోత్రం కథ నిజమేనా అని అడుగుతారు. చరిత్ర విద్యార్థికి అంతకంటే పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం. 1991 నుంచి ఈ చిన్న సంఘం ఎలా నడిచింది? హీబ్రూ ఎవరు నేర్పారు? పస్కా పండుగకు ఎవరెవరు కూడారు? పెళ్లిళ్లు ఏ పద్ధతిలో జరిగాయి?

జనగణన పట్టికల్లో యూదులు ‘ఇతర మతాలు’ అన్న గడిలో కలిసిపోతారు. కుల ధ్రువపత్రం సంగతి ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, యూదులకు అందులో చోటు లేదు. అందువల్ల కొలిచే దేవుడొకరు, కాగితం మీది మతం ఇంకొకటి కావడం కద్దు. రాజోలు, అమలాపురం పల్లెల్లో పెరిగినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇలాంటి సంఘం చరిత్రకు అసలు ఆధారాలు సంఘంలోనే వెతకాలి. హాజరు పుస్తకం, చందా రసీదులు, విదేశాల నుంచి వచ్చిన ఉత్తరాలు, పెళ్లి ఫోటోలు, సమావేశాల మినిట్స్ పుస్తకం వంటివి ఎవరి పెట్టెలో ఉన్నా విలువైనవే. పనికిమాలినవనిపించే కాగితాలు ఎంత చెప్పగలవో యూదుల చరిత్రే చూపింది. దేవుని పేరున్న రాతను పారవేయకూడదని వారి ఆచారం. చిరిగినవాటిని మందిరంలో ‘గెనీజా’ అనే గదిలో వేస్తారు. కైరోలోని బెన్ ఎజ్రా మందిరం గెనీజా నుంచి 1897లో సొలొమన్ షెక్టర్ అనే పండితుడు సుమారు 1,90,000 చీటీలు, పత్రాలు కేంబ్రిడ్జికి చేర్చాడు. 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండిన అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడి ఉత్తరాలు అందులో దొరికాయి. మిరియాలు, ఇనుము, వక్కల బేరాలన్నీ వాటిలో ఉన్నాయి. రాసినవాడు వాటిని చరిత్ర కోసం రాయలేదు.

ఈజిప్టు పొడిగాలి ఆ కాగితాలను కాపాడింది. మన డెల్టా తేమలో అలా కుదరదు. చెద, పురుగు, వరద, వీటికితోడు తుపాను. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ ఇళ్లతోపాటు ఎన్ని పెట్టెల కాగితాలు పోయాయో! మీ ప్రాజెక్టుకు ఏ సంఘాన్ని ఎంచుకున్నా, అది చర్చి కావచ్చు, మసీదు కమిటీ కావచ్చు, యువజన సంఘం కావచ్చు, ముందు తుప్పు పట్టిన పిన్నులు తీయండి. నూలు గుడ్డలో చుట్టి నేలకు, గోడకు దూరంగా ఎత్తున పెట్టించండి. లామినేషన్ చేయించవద్దు, మళ్లీ విప్పలేరు. ఫోటో వెనుక పేర్లు పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. స్కాన్ చేసిన ప్రతులు రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచండి.

ఒక్క జాగ్రత్త. హాజరు పుస్తకంలో ఒక పేరు బయటపడితే ఒక విద్యార్థి ఉపకారవేతనం, ఒకరి ఉద్యోగం చిక్కులో పడవచ్చు. భద్రపరచడం వేరు, బయటపెట్టడం వేరు. ఏది ఎప్పుడు ఎవరికి చూపాలో సంఘం పెద్దలు, ఆ కుటుంబాలవారు చెప్పాలి. వారి మాటను రాతపూర్వకంగా తీసుకుని స్కాన్ ప్రతితోపాటే ఉంచండి. అసలు పుస్తకం మాత్రం సంఘం బీరువాకే తిరిగి చేరాలి.