వజ్రాల పూలరెమ్మ

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ప్రభువంశముల స్త్రీలు ధరించిన నగలలో మిక్కిలి చమత్కారమైనది, రాత్రి నాట్యసభలో శిరోభూషణమై వెలిగి, మరునాటి విందునకు విడివడి, ఒక పువ్వు రొమ్మున పతకముగను, తక్కినవి కురులలో సూదులుగను అమరెడి వజ్రపుఁ బూలరెమ్మ. మకుటము ధరింపఁదగిన సభలు ఏఁటికి కొన్నియే. అంతటి ధనము తక్కిన దినములలో పెట్టెలో మూలుగుట వెల చెల్లించిన భర్తకు రుచింపదు గదా! ఐనను పొదుపొక్కటే దీనికి మూలమనుకొనరాదు. చట్రపు పనిగల కిరీటమును ఎచట విరిచినను అది విరిగిన వస్తువే. కొమ్మనుండి త్రుంచిన పువ్వు మాత్రము పువ్వుగనే నిలుచును. కంసాలికి ఈ యుపాయమును చెట్టే నేర్పినదని నా తలంపు.

పనితనము తెలియవలెనన్న పువ్వును బోర్లించి చూడవలెను. రవ్వలు వెండిలో పొదిగియుండును. ఆ వెండి నలుపు దుస్తుల కంటకుండ వెనుకవైపు బంగారు పొర. కాడ మొదట మరలు చెక్కిన గోరంత తొఱ్ఱ. దానికి సరిపడ చట్రములో మరచీల. నగపెట్టె అడుగున మర త్రిప్పెడి చిన్న పనిముట్టు. కొన్నింట పువ్వు క్రింద చుట్టతీగ యొకటి యుండి, ధరించిన యామె ఊపిరి తీసినంతనే రేకులు వణఁకి, కొవ్వొత్తుల వెలుఁగున తళుకులు చిందించును. మన చేమంతిబిళ్ల జడలో కుదురుగా కూర్చుండును, బుట్టకమ్మ క్రిందికి వ్రేలాడి యూఁగును. ఆ దేశపు పువ్వు కాడపై నిలిచియే కంపించును.

18వ శతాబ్ద్యారంభము వఱకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా కృష్ణాతీరమందలి కొల్లూరు వంటి మన గనులనుండియే పోయెడివి. పిదప బ్రెజిలులోను, 1867 మొదలు దక్షిణాఫ్రికాలోను వజ్రములు బయల్పడుటచే రవ్వలకు కఱవు తీఱి పూలరెమ్మలు విరివిగా వెలసినవి. 1829లో లియేజ్ నగరమున జన్మించి పారిస్ చేరిన ఆస్కార్ మాసాఁ, లోహము కంటికి సోఁకనంత సన్నని పొదుగుతో అడవిగులాబీలను చేసి 1867 నాటి పారిస్ ప్రదర్శనమున పేరొందెను. అంతకుముందే, 1855లో, బాప్స్త్ వంశపు స్వర్ణకారుఁడు ఫ్రాన్సు చక్రవర్తిని యూజెనీకి గ్రొజెయే యను పండ్లపొద ఆకులతో రొమ్మునిండు వజ్రమాల కూర్చియుండెను.

ఆ మాల కథ విచిత్రము. 1887లో ఫ్రెంచి ప్రభుత్వము రాజాభరణములను వేలము వేసినపుడు దానిని భాగములుగా అమ్మిరి. విడఁదీయుటకు అనువుగా చేసిన వస్తువును అమ్ముటకును విడఁదీయుట సులభమే కదా. వారసులు పంచుకొన్న రెమ్మలకును ఇదే గతి. కాఁబట్టి పాతనగల అంగడిలో ఒంటరి వజ్రపుష్పము కనఁబడినపుడు ఎఱిఁగినవాఁడు ముందుగా రవ్వల నీటిని చూడఁడు. వెనుకకు త్రిప్పి, ఖాళీగా మిగిలిన మరతొఱ్ఱ యున్నదేమో అని వేలితో తడవి చూచును.