చిల్లర దొంగతనం – శిక్షకు కొలబద్ద

పోయిన విద్యాసంవత్సరం చివర మా కళాశాల క్రమశిక్షణ సంఘం ముందుకు వొక వ్యవహారం వచ్చింది. అంతర్ కళాశాలల పరుగుపందాలలో రెండుసార్లు పతకం తెచ్చిన విద్యార్థి, హాస్టలులో పక్కగది కుర్రవాడి పరుగు బూట్లు కాజేశాడని ఫిర్యాదు. బూట్ల ఖరీదు మూడువేల చిల్లర. ఆ సంఘంలో నేనూ వొక సభ్యుణ్ణి. కూర్చున్న అరగంటలో మూడు అభిప్రాయాలు బయలుదేరాయి. "వచ్చే నెల యూనివర్సిటీ పోటీలున్నాయి, గొడవ పెద్దది చేయకండి" అన్నారు వ్యాయామ అధ్యాపకులు. "టి.సి. మీద రాసి పంపేద్దాం, మిగతావాళ్లకు బుద్ధొస్తుంది" అన్నారు యింకొకరు. మూడో ఆయన అభిప్రాయమేమీ చెప్పలేదు. "వాడిది యే వూరండీ?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న గదిలో వున్న అందరికీ అర్థమయింది. కుర్రవాణ్ణి పిలిచి నువ్వేమంటావని అడగాలన్న ఆలోచన అప్పటికింకా యెవరికీ రాలేదు. నాకూ రాలేదు.

సమావేశం వారం రోజులు వాయిదా పడింది. ఆ వారంలో తిరగేసిన పుస్తకాల ఫలితం యీ వ్యాసం. చిల్లర దొంగతనానికి న్యాయమైన శిక్ష యేదని చరిత్రను అడిగితే, పోయిన సొత్తు విలువను కొలిచిన కాలం చాలా తక్కువనీ, తీసినవాడి పుట్టుకనూ, హోదానూ, వాడివల్ల పైవాళ్లకు కలిగే లాభాన్నీ కొలిచిన కాలమే యెక్కువనీ తెలుస్తుంది.

మన ప్రాచీనుల న్యాయం సంగతి వచ్చినప్పుడల్లా మనుస్మృతిలోని వొక మాటను కొందరు గర్వంగా చూపుతారు. దొంగతనం తప్పని తెలిసి చేసిన శూద్రుడికి దోషం యెనిమిది రెట్లయితే, వైశ్యుడికి పదహారు, క్షత్రియుడికి ముప్పైరెండు, బ్రాహ్మణుడికి అరవైనాలుగు, నూరు, లేక నూటయిరవై యెనిమిది రెట్లు అని యెనిమిదో అధ్యాయంలో వుంది. తెలిసినవాడికి యెక్కువ శిక్ష అనే సూత్రం బాగానే వుంది. అయితే అదే అధ్యాయంలో మరికొంత ముందుకు పోతే, యెంత పాపం చేసిన బ్రాహ్మణుణ్ణీ చంపరాదు, ఆస్తి చెడకుండా దేశం దాటించాలి అన్న శాసనం కూడా వుంది. మొదటిది వుపన్యాసాలకు పనికివచ్చింది. రెండోది న్యాయస్థానాలకు పనికివచ్చింది.

ఈ మాట నా వూహ కాదు. మృచ్ఛకటికం తొమ్మిదో అంకం చూడండి. నగల కోసం హత్య చేశాడన్న అబద్ధపు నేరం చారుదత్తుడి మీద పడినప్పుడు, న్యాయాధికారి మనువును తలచుకొని దేశబహిష్కారం చాలంటాడు. పాలకరాజు ఆ మాట తోసిపుచ్చి చావు విధిస్తాడు. సాక్ష్యమేమిటంటే, సమయానికి బయటపడిన నగలు! ఆ నాటకంలోనే అసలు దొంగ శర్విలకుడున్నాడు. నాలుగు వేదాలు చదివిన తండ్రికి కొడుకు. కన్నం కొలతకు జంధ్యాన్ని వాడుకున్న ఘనుడు. వాడికి శిక్ష లేదు, పైగా కోరిన పిల్ల దక్కింది. తిక్కనకు అంకితమిచ్చిన కేతన దశకుమార చరిత్రలోని అపహారవర్మ కూడా యిలాంటి రాచదొంగే. పిసినారుల యిళ్లు దోచి చంపానగరాన్ని అల్లకల్లోలం చేశాడు. ఈ కథలు పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులతోపాటు నేనూ నవ్వాను. పెద్దింటి బిడ్డ కన్నం వేస్తే మన కావ్యాలలో అది కళ అవుతుంది.

ఇంగ్లండులో యీ వ్యవహారం మరీ నగ్నంగా నడిచింది. పన్నెండు పెన్నీలకు మించిన దొంగతనం అక్కడ ఉరిశిక్షకు తగిన నేరం. అయితే మతాచార్యులకు మొదట్లో యిచ్చిన మినహాయింపు క్రమంగా చదవను వచ్చిన ప్రతివాడికీ దక్కింది. న్యాయస్థానంలో బైబిలు యాభైయొకటో కీర్తన మొదటి వాక్యం చదివితే మెడ దక్కినట్లే! బొటనవేలి మీద వాతపెట్టి వదిలేసేవారు. నాటకకర్త బెన్ జాన్సన్ 1598లో వొక నటుణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపి యిలాగే బయటపడ్డాడు. చదువురాని కూలివాడికి ఆ దారి లేదు. చదువు చెప్పి బతికే నాబోటివాడికి యిది చదువుతుంటే తలవంపుగానే వుంటుంది.

1706లో యీ చదువు పరీక్ష తీసేశారు. అంతలోనే మరో తలుపు మూసుకొంది. 1699 శాసనం దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు రహస్యంగా తీసినవాడికి ఆ మినహాయింపే లేకుండా చేసింది. 1713లో, యింట్లోంచి నలభై షిల్లింగుల సొత్తు తీసినవాడికీ అదే గతి పట్టింది. వర్తకుల ఆస్తి పెరిగినకొద్దీ ఉరికొయ్యలూ పెరిగాయి; వొక దశలో మరణశిక్ష పడే నేరాలు రెండువందలు దాటాయి. ఇంత కఠినమైన చట్టాన్ని అమలు జరపడానికి మామూలు మనుషులకు చేతులు రాలేదు. జ్యూరీలో కూర్చున్నవాళ్లు కళ్లెదుట వున్న సరుకును ముప్పైతొమ్మిది షిల్లింగులేనని లెక్కగట్టి నిందితుడి ప్రాణం కాపాడేవారు. పుణ్యానికి చెప్పిన అబద్ధమని దానికి పేరు. కానీ ఆ పుణ్యం యెవరికి దక్కాలో జ్యూరీ యిష్టం. మంచి పేరున్నవాడు, యజమాని సిఫారసున్నవాడు బతికాడు, దిక్కులేనివాడు వేలాడాడు. దుకాణపు దొంగతనానికి ఉరి తీసెయ్యాలని శామ్యూల్ రోమిల్లీ పట్టుపడితే, 1810లో కామన్సు సభ ఒప్పుకొన్న బిల్లును ప్రభువుల సభ తోసిపుచ్చింది. వద్దని చేయెత్తినవారిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుతో సహా ఏడుగురు మతగురువులున్నారు. అయిదు షిల్లింగుల కోసం!

జర్మనీలో రైను రాష్ట్రపు శాసనసభ అడవిలో రాలిన పుల్లలు యేరుకోవడాన్ని దొంగతనం చెయ్యబోయినప్పుడు 1842లో యువకుడైన మార్క్సు పత్రికలో రాసిన వ్యాసాలు మన పాఠకులకు తెలిసినవే. వాటిలో వొక చిన్న అంశాన్ని మనం తేలిగ్గా దాటేస్తాము. నేరం పట్టుకొన్న అడవి కావలివాడే పోయిన కర్ర విలువ కట్టడం అన్యాయమని ఆయన వాదించాడు. ఫిర్యాదుదారూ, విలువ కట్టేవాడూ, తీర్పరీ వొకే పక్షమైతే యిక విచారణ యెక్కడిది? నలభై యేళ్ల తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టంతో మన మన్యంలోనూ కట్టెపుల్ల నేరమయింది.

భారత శిక్షాస్మృతి ముసాయిదా 1837లో తయారు చేసిన మెకాలే బృందానికి ఈ చిక్కు తెలియకపోలేదు. ఇంకొకడి సిరాలో కలం ముంచినా అక్షరార్థంలో దొంగతనమే అవుతుందని వాళ్లే రాసుకొన్నారు. అటువంటి అల్పమైన హాని నేరం కాదని 95వ సెక్షను వచ్చింది. 1860లో చట్టమయిన ఆ స్మృతిలో మామూలు దొంగతనానికి మూడేళ్ల లోపు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. చూడడానికి నాగరికంగానే వుంది. నాలుగేళ్లు తిరక్కుండా 1864లో కొరడాదెబ్బల చట్టం తెచ్చి దొంగతనానికి దెబ్బలు కూడా చేర్చారు. స్వతంత్రం వచ్చాక 1955 దాకా అది పోలేదు.

అంతకంటే ఘోరం 1871 నేరస్థ తెగల చట్టం. అందులో దొంగతనం జరగవలసిన అవసరమే లేదు, పుట్టడం చాలు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలవారిని తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు పలకాలి, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. చేయని నేరానికి ముందే శిక్ష! మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో చట్టం రద్దయింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. మా సంఘంలో ఆయన "యే వూరండీ" అని అడిగినప్పుడు ఆ రద్దయిన చట్టమే నోరు తెరిచింది. చట్టాలు గెజెట్టులో రద్దయినంత సులువుగా స్టాఫ్‌రూములో రద్దు కావు.

ఇక ఆటగాళ్ల సంగతి. 2017 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖ బాస్కెట్‌బాల్ జట్టు చైనా వెళ్లింది. హాంగ్‌జౌ నగరంలో దుకాణాలలో దొంగతనం చేశారని ముగ్గురు ఆటగాళ్లను పట్టుకొన్నారు. అప్పుడు ఆసియా పర్యటనలో వున్న అమెరికా అధ్యక్షుడు చైనా అధ్యక్షుడితో స్వయంగా మాట్లాడాడు. పదిరోజులు తిరక్కుండా ముగ్గురూ యిల్లు చేరారు. క్షమాపణ చెప్పారు. ఒకడు కళాశాల వదిలిపోయాడు. మిగతా యిద్దరూ ఆ యేడాది ఆటలకు దూరంగా వుండి తర్వాత మళ్లీ ఆడారు. ఆ యిద్దరికీ పడిన శిక్ష నాకు సబబుగానే తోస్తుంది. చదువు పోలేదు, ఆట కొంతకాలం ఆగింది, తప్పు వొప్పుకొన్నారు.

అదే లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 2000లో వొకడు గోల్ఫ్ కర్రలు మూడింటిని ప్యాంటులో దోపుకొని కుంటుకుంటూ బయటికి వచ్చి పట్టుబడ్డాడు. కర్ర వొక్కింటికి 399 డాలర్లు. పాత నేరాలున్నాయి గనుక 1994 నాటి మూడు తప్పుల చట్టం కింద కనీసం పాతికేళ్లు, ఆపైన యావజ్జీవం. ఆ శిక్ష క్రూరం కాదని 2003లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో తేల్చింది. పాత నేరాల తేడా వుందని నేనెరుగుదును. కానీ పాతికేళ్లకూ వొక్క క్రీడాకాలానికీ మధ్యనున్న దూరాన్ని ఆ తేడా వొక్కటే పూడ్చగలదా?

మన చట్టం యిప్పుడు మన సంఘాల కంటే మెరుగ్గా వుంది. 1958 ప్రొబేషన్ చట్టం మొదటిసారి దొంగతనం చేసినవాణ్ణి మందలించి వదిలే అధికారం కోర్టుకిచ్చింది. యిరవైయొక్క యేళ్లు నిండనివాణ్ణి జైలుకు పంపాలంటే కారణం రాయమంది. ఆ చట్టం కింద విడుదలైనవాడికి శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదని పన్నెండో సెక్షనులో చెప్పింది. 2024 జులై నుంచి అమలులో వున్న భారతీయ న్యాయసంహితలో, అయిదువేల రూపాయల లోపు సొత్తు తీసి తిరిగి యిచ్చేసిన మొదటి నేరస్థుడికి శిక్ష సమాజసేవ. పరీక్షలలో అక్రమం చేశారన్న విద్యార్థుల కేసులో, వాళ్ల మాట వినకుండా శిక్షించరాదని సుప్రీంకోర్టు 1962లోనే ఉత్తరప్రదేశ్ పరీక్షల బోర్డుకు చెప్పింది. న్యాయస్థానం మందలించి వదిలేవాడికి మనం టి.సి. మీద జీవితాంతం చెరగని రాత రాస్తున్నాము.

వాయిదా తర్వాత కుర్రవాణ్ణి పిలిచి అడిగాం. తన బూట్ల అడుగు వూడిపోయిందనీ, పక్కగదివి తీశాననీ వొప్పుకొన్నాడు. బూట్లు తిరిగి యివ్వాలి, సొంతదారుకు క్షమాపణ చెప్పాలి, నెలరోజులు సాయంకాలం గ్రంథాలయంలో పనిచేయాలి, వచ్చే పోటీలకు పంపరాదు, టి.సి. మీద యేమీ రాయరాదు అని నేను రాసిచ్చాను. పోటీల మాట తప్ప మిగతావన్నీ సంఘం వొప్పుకొంది. అతను పోటీలకు వెళ్లాడు, మూడో స్థానం వచ్చింది, నోటీసు బోర్డులో ఫోటో పెట్టారు.

రెండేళ్ల కిందట అదే హాస్టలు మెస్సులో గిన్నెలు కడిగే కుర్రవాడి సంచిలో రెండు లీటర్ల నూనె దొరికిందని సాయంత్రానికల్లా వెళ్లగొట్టారు. ఎవరూ యేమీ అడగలేదు. ఆ కాగితం మీద సంతకాలలో నాది నాలుగోది. ఇటీవల మెస్సు హాజరు పుస్తకం తెప్పించి చూశాను. ఆ నెలలో అతను పదకొండు రోజులు పనిచేశాడు. జీతం కాలమ్ ఖాళీగా వుంది. పేరు వొక్కటే రాసి వుంది, వూరు రాసి లేదు. బాకీ యిద్దామన్నా యెక్కడికి పంపాలో మేనేజరుకూ తెలియదు.