చందుర్తి యుద్ధం: తగువు వాళ్ళది, శిస్తు మనది

గొల్లప్రోలు దగ్గర చందుర్తి అని ఒక ఊరుంది. మనలో గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఆ పేరు వినే ఉంటారు. 1758 డిసెంబరులో అక్కడి పొలాల్లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నారు. యూరప్‌లో 1756లో మొదలైన ఏడేళ్ళ యుద్ధం మన చేలదాకా ఎందుకొచ్చింది?

శిస్తు కోసం వచ్చింది. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్, తన కొలువులో ఉన్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. అంటే బుస్సీ సేనకు జీతం మన రైతు కట్టిన శిస్తులోంచే వెళ్ళింది. బొబ్బిలి కోట 1757 జనవరిలో కూలింది కూడా ఆ బుస్సీ ఫిరంగులకే.

తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళకు ఎదురు తిరిగాడు. విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్, కల్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. సేన ఖర్చుకు నెలకు 50 వేల రూపాయలు రాజు ఇవ్వాలని మాట. గెలిచిన లోపలి సీమ రాజుకు, తీరం కంపెనీకి.

చందుర్తిలో ఫోర్డ్ తెల్ల సిపాయిలు ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉండిపోయారు. ఎర్రకోట్లు తొడుక్కున్న దేశీ సిపాయిలు ఎదురుగా కనబడ్డారు. వాళ్ళే ఇంగ్లీషువాళ్ళనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ వాళ్ళమీద పడ్డాడు. మొదటి దెబ్బ తిన్నది మనవాళ్ళే. వాళ్ళను తరుముతూ ఫ్రెంచి వరస చెదిరిపోగానే, చేను చాటున ఉన్న దళం ముందుకొచ్చి గెలిచింది. అవతలి పక్షాన కూడా ఎక్కువమంది దేశీ సిపాయిలే.

గెలిచాక డబ్బు పేచీ మొదలైంది. రాజు ఇస్తానన్నది ఇవ్వలేదు. సేన వారాల తరబడి కదల్లేదు. చివరికి మచిలీపట్నం కోట ముందు తెల్ల సైనికులే ఆయుధాలు పట్టుకుని, మాకు రావాల్సిన సొమ్ము ఇస్తేనే ఉంటాం, లేదంటే పోతాం అని అడ్డం తిరిగారు. దోపిడీ సొమ్ములో కంపెనీ వాటా కూడా మీకే ఇమ్మని అడుగుతానని ఫోర్డ్ బతిమాలాడు. అప్పుడు గాని వాళ్ళు మెత్తబడలేదు. 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి దాడి చేసి కోట పట్టుకున్నారు.

ఆ దెబ్బతో కోస్తాలో ఫ్రెంచివాళ్ళ పెత్తనం పోయింది. 1954 దాకా వాళ్ళకు మిగిలింది యానాం లాంటి చిన్న తావే. 1766లో నిజాంతో సంధి కుదిరి, సర్కార్లు కంపెనీ పరమయ్యాయి. శిస్తు కట్టే రైతు మాత్రం మారలేదు, కట్టించుకునే దొర మారాడు.

ఫోర్డ్ పేరు, కాన్‌ఫ్లాన్స్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ చేను ముందు ఎర్రకోటు తొడుక్కుని నిలబడ్డ సిపాయి పేరు మాత్రం ఎక్కడా లేదు. అతనూ మనలాగే జీతం కోసం ఊరు వదిలి వచ్చినవాడే. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ దారిన పోతే, ఒక్క నిమిషం అతన్ని తలుచుకోండి.