ప్లవన దశ : విమానం నుంచి అర్థశాస్త్రానికి

పాఠశాలలో ‘ప్లవన సూత్రాలు’ చదివిన విద్యార్థికి అర్థశాస్త్రంలో ‘ప్లవన దశ’ ఎదురైతే నీటిమీద తేలే పడవ మనసులో మెదలుతుంది. సంస్కృతంలో ప్లవనమంటే తేలుట, దూకుట అని రెండర్థాలున్నవి. ఇక్కడ కావలసినది రెండవది. ఇంగ్లీషువారి ‘టేకాఫ్’ కూడ విమానాలకు పూర్వం దూకుటకు వాడిన మాటే.

పడవ కదలకపోయినా తేలుతుంది. విమానం అట్లా కాదు. రెక్కలపై గాలి కలిగించే ఉత్థాపక బలం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అది బరువును మించినప్పుడే చక్రాలు నేలను విడుస్తాయి. 1903 డిసెంబరు 17న రైటు సోదరుల మొదటి విమానం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరి దిగిపోయింది.

అమెరికను ఆర్థికవేత్త వాల్ట్ రోస్టో 1956లో ఒక వ్యాసంలోను, 1960లో ఒక గ్రంథంలోను ఈ మాటను దేశాలకు అన్వయించినాడు. జాతీయాదాయంలో పెట్టుబడి 5 శాతం నుంచి 10 శాతానికి మించాలి, ఒకటి రెండు పరిశ్రమలు ముందుకు దూసుకురావాలి, తగిన వ్యవస్థలు ఏర్పడాలి. ఆపైన అభివృద్ధి తనంత తానే సాగుతుందని ఆయన వాదం. బ్రిటనుకు 1783–1802 అనీ, మన దేశానికి 1952లో ఆరంభమనీ తేదీలు కూడ వేసినాడు! అంత స్పష్టమైన మలుపు గణాంకాలలో కనబడదని సైమన్ కుజ్నెట్స్ ఆక్షేపించినాడు.

మన ప్రాంతంలోనే చూడవచ్చు. నాగార్జునసాగరుకు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది. కాలువలకు నీరు వదిలినది 1967 ఆగస్టు 4న. దాదాపు 12 ఏళ్ళు పెట్టుబడే తప్ప పంట లేదు. విమానం పరుగుబాట మీద చేసే పరుగు ఇట్లాంటిదే. ఎడమ కాలువ నీరు అందిన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో మెట్టపొలాలు వరిమళ్ళయినవి. మిర్యాలగూడలో వరి వెంట బియ్యపు మిల్లులు వచ్చినవి. రోస్టో చెప్పిన ‘ముందు నడిచే పరిశ్రమ’ ఇక్కడ అదే అనుకోవచ్చు. కాలువ నీరు పల్లానికే పారుతుంది గనుక సూర్యాపేట చుట్టుపట్ల ఎత్తు భూములకు అది ఎక్కలేదు. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కొన్ని పొలాలనే ఆదుకున్నది. ఒకే ప్రాంతంలో కొంత లేచి, కొంత నేలమీదే నిలిచింది. దేశమంతటికీ ఒకే తేదీ వేసే సిద్ధాంతంలో ఈ తేడా కనబడదు.

‘తనంత తానే’ అన్న మాటతోనే నాకు పేచీ. నేల విడిచిన తరువాత ఏ పైలటూ ఇంజను ఆపడు. 2024 సెప్టెంబరు ఆరంభంలో కుండపోత వానలకు కోదాడకు సమీపంలోని నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. కాలువ పారటం మొదలై అప్పటికి 57 ఏళ్ళు; అయినా గట్టు తెగిన మరుక్షణం దిగువ పొలాలకు నీరు నిలిచిపోయింది.